ఆకలికి తగిన మాట

క్రిందటి వేసవిలో మా సంఘమునకు చెందిన ఒక యువతి తాను ఆంగ్లములో వ్రాసిన విజ్ఞప్తి నొకదానిని నాయొద్దకు తెచ్చెను. కూలిపనులు దొరకని నెలలలో మా పేట పిల్లలకు సాయంకాలమున ఒక పూట భోజనము పెట్టవలెనని మా స్త్రీల సమాజము తలపెట్టినది. అందుకై హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరములలోను, సముద్రముల కావలను స్థిరపడిన మనవారికి ఆ విజ్ఞప్తిని పంపవలసియున్నది. పిల్లల స్థితిని వర్ణించుచోట ఆమె ఒక మాటకు చోటు విడిచి, అక్కడ ప్రశ్నార్థక చిహ్నము నుంచినది.

“తాతగారూ, ఇక్కడ ‘స్టార్వింగ్’ అని వ్రాయమంటారా, ‘ఫ్యామిష్డ్’ అని వ్రాయమంటారా? నిఘంటువులో రెండింటికీ ‘మిక్కిలి ఆకలిగొన్న’ అనే ఉన్నదండి” అని అడిగెను.

నేను ముప్పది సంవత్సరములకు పైగా పాఠశాలలో ఆంగ్లము బోధించినవాడను. కావున ఆమె ప్రశ్నకు భాషాపరమైన సమాధానము వెంటనే చెప్పితిని. ఆమె వ్రాసికొని వెళ్లినది. అయితే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నలువది సంవత్సరముల క్రిందట అటువంటి కాగితములోనే, అటువంటి ఖాళీలోనే, ఎవరిని అడుగకయే నేనొక మాట వ్రాసితిని. దానిని గూర్చి తరువాత చెప్పెదను. ముందుగా ఆమెకు చెప్పిన సమాధానమును చదువరుల ముందుంచెదను.

‘స్టార్వ్’ అను క్రియకు ప్రాచీనాంగ్లములో చనిపోవుట అని అర్థము. ఆకలితోనే చనిపోవుట అని కాదు, ఏ విధముగా చనిపోయినను ఆ మాటయే. జర్మను భాషలో దాని తోబుట్టువైన ‘ష్టెర్బెన్’ నేటికిని చనిపోవుట యనియే చెప్పుచున్నది. ఇంగ్లండు ఉత్తర భాగపు పలుకుబడిలో చలికి కొయ్యబారినవానిని కూడ ‘స్టార్వ్డ్’ అందురు. కాలక్రమమున ఆ పదము ఆకలిచావునకు పరిమితమై, ఆపైన పలుచబడి, భోజనము అరగంట ఆలస్యమైనవాడు చెప్పుకొను మాటగా దిగజారినది. ‘ఫ్యామిష్డ్’ అనునది ఆకలి యను అర్థముగల లాటిను పదమైన ‘ఫామేస్’ నుండి వచ్చినది. కరవునకు ఆంగ్లములోనున్న ‘ఫ్యామిన్’ అను పేరునకును అదియే మూలము. ఒక మాట మృత్యువు నుండియు, మరియొకటి కరవు నుండియు పుట్టినవి. నేటి ఆంగ్లములో ‘ఫ్యామిష్డ్’ అనునది చాలవరకు తేలిక మాట. ఆటలాడి ఇంటికి వచ్చిన పిల్లవాడు అనదగినది. నిజముగా అన్నము లేక కృశించుచున్నవారిని గూర్చి గంభీరమైన నివేదికలో దానిని వ్రాసినచో వనభోజనపు వాసన కొట్టును. ‘స్టార్వింగ్’ మాత్రము రెండు ముఖములు గలది. హోటలు బల్లయొద్ద అది పరిహాసము. నివేదికలో అది ప్రాణాపాయము.

‘రావెనస్’ అను మూడవ మాట యొకటి గలదు. అది దోపిడి అను అర్థముగల లాటిను పదము నుండి ఫ్రెంచి భాష మీదుగా వచ్చినది. మీదపడి లాగుకొని తినునంతటి ఆకలి దాని భావము. కాకిజాతికి చెందిన ‘రేవెన్’ అను పక్షి పేరుతో దానికి బంధుత్వము లేదు, ధ్వనిలో పోలిక మాత్రమే. విద్యార్థులు ఈ రెంటిని కలిపినప్పుడెల్ల నేను వారికి కెరీతు వాగును జ్ఞాపకము చేసెడివాడను. దేశమంతయు ఎండిపోయిన దినములలో ఆ పక్షులు తమ నోటికి దొరికిన రొట్టెను మాంసమును తాము తినక ఏలీయాకు తెచ్చి యిచ్చినవి గదా!

ఈ విషయములో ఆంగ్లేయులను మాత్రమే తప్పుపట్ట నవసరము లేదు. ‘ఆకలితో చచ్చిపోతున్నాను’ అని బడినుండి వచ్చిన మన బిడ్డలును అందురు. తల్లి నవ్వి కంచము పెట్టును. ఇంటిలో ఆ అతిశయోక్తి యెవరిని మోసగించును? అయితే మన భాషలో ఆకలికి మెట్లున్నవి. కడుపు నకనకలాడుట వేరు, మలమల మాడుట వేరు, అర్ధాకలి వేరు, కరవు వేరు, ఆకలిచావు వేరు. వీటిలో ‘పస్తు’ అను మాటయందు నాకు ప్రత్యేకమైన గౌరవము గలదు. అది కడుపులోని బాధను వర్ణింపదు, జరిగినదానిని చెప్పును. ఆ పూట ఆ మనిషి తినలేదు, అంతే. నిన్న పస్తు, మొన్న రెండు పూటలు పస్తు అని లెక్కింపవచ్చును. లెక్కించినదానిని పొరుగువారు సరిచూడవచ్చును.

ఇక లేఖనములకు వచ్చెదము. 1611 నాటి ఆంగ్లానువాదమును తెరచినచో, ఆదికాండము 41వ అధ్యాయములో ఏడు సంవత్సరముల కరవు పట్టిన ఐగుప్తు దేశమును గూర్చి ‘ఫ్యామిష్డ్’ అను మాట కనబడును. ఒక దేశము దేశమే ఫరో యెదుట ఆహారమునకై మొరపెట్టిన స్థితి అది. అదే అనువాదము పొలమునుండి వచ్చిన ఏశావును ఆ మాటతో పిలువలేదు, సొమ్మసిల్లినవాడనియే చెప్పినది. అక్కడి హెబ్రీ మాటకును బడలిక యనియే అర్థము; మన తెలుగు బైబిలులోను అలసట అను భావమే యున్నది. అయితే 1978లో సంపూర్ణముగా వెలువడిన న్యూ ఇంటర్నేషనల్ అనువాదమును, 1989 నాటి న్యూ రివైజ్డ్ స్టాండర్డ్ అనువాదమును చూడుడి. అక్కడ ‘ఫ్యామిష్డ్’ అనబడినవాడు ఏశావు! వంట వాసన తగిలిన వేటగాని అలసటలో ఆకలి కలిసియుండుట సహజమే గనుక అనువాదకులను నేను నిందింపను. అయినను మూడున్నర శతాబ్దములకు పైబడిన కాలములో ఆ మాట చేసిన ప్రయాణమును గమనింపుడి. కరవు దేశమునకు చెందిన మాట ఒక సాయంకాలపు ఆకలికి చెందినది.

ఏశావు తానే అంతకన్న పెద్ద మాట నాడెను. తాను చావబోవుచున్నాననియు, జ్యేష్ఠత్వము తనకెందుకనియు తమ్మునితో చెప్పెను. అది ఇస్సాకు ఇల్లు. ఆ గుడారములలో ఆ దినమున రొట్టెముక్క లేదని గ్రంథము చెప్పుట లేదు. ఆ అధ్యాయపు చివరి మాటలు మరింత కఠినమైనవి. అతడు తినెను, త్రాగెను, లేచెను, వెళ్లిపోయెను. చావునకు సిద్ధముగానున్నవాడు భోజనము ముగించి వెంటనే లేచి నడచిపోవునా? ఆ తరువాతి అధ్యాయము ఎట్లు ఆరంభమగుచున్నదో ఎంతమంది గమనించిరో తెలియదు. ఆ దేశములో కరవు వచ్చెను అని అక్కడ చెప్పబడినది. పెద్ద మాటను ఏశావు కూరకుండయొద్ద ఖర్చు చేసినాడు. నిజమైన కరవు తరువాతి పుటలో నిలిచియున్నది. ‘చచ్చిపోవుచున్నాను’ అను ఆ మాటయే అతనికి జ్యేష్ఠత్వమును చవుకగా కనబరచినది. అతడు ఆ మాటతో తన్నుతానే మోసగించుకొనెను.

నేను నలువది సంవత్సరముల క్రిందట చేసిన పని దీనికి దూరమైనది కాదు.

అప్పుడు నేను ఉపాధ్యాయత్వముతో బాటు ఒక బాలుర బోర్డింగు లెక్కలు చూచుచుంటిని. పైకప్పు కురియుచుండెను, బియ్యపు దుకాణమునకు మూడు నెలల బాకీ యుండెను. విదేశములోని దాతలకు ఆంగ్లములో లేఖ వ్రాయుపని నాపై బడినది. మా బాలురు రెండు పూటలు తినుచుండిరి. అది పలుచని సాంబారే, మాంసము పండుగకే, అయినను తినుచుండిరి. వారి యిండ్లలో స్థితి అంతకన్న కష్టముగా నుండెడిది. నేను వ్రాసినది ‘స్టార్వింగ్ చిల్డ్రన్’ అని. లేఖతో పంపుటకు ఫోటో తీయునప్పుడు, నవ్వవద్దని పిల్లలతో చెప్పితిని. ఒక చిన్నవాడు ఎంత చెప్పినను నవ్వుచుండగా వానిని వెనుక వరుసలో నిలిపితిని. దీనిని వ్రాయుటకు నేటికిని నా చేయి వెనుదీయుచున్నది.

డబ్బు వచ్చినది. పైకప్పు బాగైనది, బాకీ తీరినది. ఆ వర్షాకాలమున పిల్లలు పొడినేలపై పండుకొనిరి. నా మాట వారికి మేలు చేయలేదని నేను చెప్పలేను. అబద్ధము అన్నము పెట్టినచో అది అబద్ధమేనా? మంచిపనికై వ్రాయువారందరిని ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు పట్టుకొనును. యేసుప్రభువు కొండమీద ఔనన్నది ఔనుగాను కాదన్నది కాదుగాను ఉండవలెనని చెప్పిన మాటను నేనెరుగుదును. ఎరిగియు, ఆయనయే ఆకలిగొన్నవారికి భోజనము పెట్టుమని చెప్పలేదా అని ఒక ఆజ్ఞతో మరియొక ఆజ్ఞ నోరు మూయించితిని.

ఇరువది సంవత్సరములు గడచిన తరువాత ఆ ఫోటోలోని బాలు డొకడు నాయొద్దకు వచ్చెను. అప్పటికి అతడు బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు బిడ్డల తండ్రి. బోర్డింగు పాత బీరువాను సర్దుచుండగా, నా లేఖను అచ్చువేసిన విదేశీ పత్రిక ప్రతి అతనికి దొరికినది. అతడు కోపముతో రాలేదు. కోపముతో వచ్చినయెడల నాకు సులభమై యుండెడిది.

“అయ్యగారూ, ఈ ముందు వరుసలో ఉన్నది నేనే గదండీ. మేము ఆకలికి చచ్చిపోతున్నామని రాశారు. మా అమ్మ ఒక్క రాత్రి కూడా నన్ను పస్తు పడుకోనివ్వలేదండి. తాను తినేదో లేదో నాకు తెలియదు. నేను లేచేసరికి కుండ కడిగి బోర్లించి ఉండేది. అడిగితే ఎప్పుడో తిన్నాననేది.”

నేనేమియు మాటలాడలేదు. అతడు కొంతసేపు కూర్చుండి, కాఫీ త్రాగి, నా భార్య క్షేమమడిగి వెళ్లిపోయెను.

నేను చేసిన తప్పు నిఘంటువులోని అర్థమును మించి వ్రాయుట మాత్రమే అని అప్పటివరకు అనుకొనియుంటిని. ఆ దినమున నాకు తెలిసినది వేరు. నా మాట ఒక స్త్రీని తుడిచివేసినది. ఆ బిడ్డకును ఆకలిచావునకును మధ్య ప్రతి రాత్రి నిలిచినది ఆమె. బిడ్డ ఆకలికి చచ్చుచున్నాడని నేను వ్రాసిన క్షణముననే, ఆమె ఏమియు చేయలేదని వ్రాసినవాడనైతిని. ఆ యింటిలో నిజముగా ఆకలిగొన్నది ఆమెయే. నా లేఖలో ఆమె పేరు లేదు, ఆమె కుండ లేదు. పెద్ద మాట నిజమైన ఆకలిని చూపలేదు, దానిని కప్పివేసినది.

మితిమీరిన మాటవలన మరియొక కీడు కలదు. అది లేఖ వ్రాసినవానితో ముగియదు. ఆకలిని అధికముగా చెప్పువారు ఎప్పుడును ఉన్నారు గనుక, ఆకలిగొన్నవారిని నమ్మరాదను వాదము పుట్టుచున్నది. మన తాతముత్తాతల చరిత్రలో దీనికి భయంకరమైన సాక్ష్యము గలదు. 1876లో ఆరంభమైన కరవు మదరాసు రాజధానిని పీడించుచుండగా, 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారి రాజప్రతినిధియైన లిట్టన్ పక్షమున వచ్చెను. అక్కరలేనివారు కూడ సహాయము పొందుచున్నారని తలచి, పని చేయువారి కూలిని దినమునకు ఒక పౌను ధాన్యమునకును ఒక అణాకును తగ్గించెను. పౌను అనగా సుమారు 450 గ్రాములు. మన్ను త్రవ్వి మోసిన మనిషికి అది. మదరాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ అది చాలదని వాదించెను. ఆకలిగొన్నవాడు తన ఆకలిని రుజువు చేయుటకై దూరప్రదేశమునకు నడచి, అక్కడ కష్టపడి చూపవలసివచ్చెను. ఆ కరవు దక్షిణ పశ్చిమ భారతములలో యాభై లక్షలకు పైగా ప్రాణములను తీసినదని అంచనా.

ప్రజలు మాత్రము ఎవరి ప్రకటన కొరకును వేచియుండలేదు. ఆ కరవునకు ధాత కరవు అని పేరు పెట్టిరి, ధాత నామ సంవత్సరమున వచ్చినది గనుక. అంతకు పూర్వము 1832–33లో గుంటూరు సీమను నాశనము చేసినదానిని నందన కరవు అనిరి. డొక్కల కరవు అనియు అనిరి. సంవత్సరమును బట్టి ఒక పేరు, శరీరమును బట్టి మరొక పేరు. డొక్కలు లెక్కపెట్టగలిగినంత బయటపడిన దినములలో ఆ పేరును కల్పించినవాడు కవియో కాపరియో, అతనికి అతిశయోక్తితో పనిలేకపోయెను.

ఆ ధాత కరవు దినములలోనే ఒంగోలు ప్రాంతమున అమెరికను బాప్తిస్టు మిషనరీయైన జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల మేర త్రవ్వించు గుత్తను తీసికొని, వేలమందికి దగ్గరలోనే పని కల్పించెను. బోధకులు పనివారిపై మేస్త్రీలుగా నుండి, విశ్రాంతి సమయమున వారికి సువార్త చెప్పెడివారు. అనేకులు బాప్తిస్మము కోరిరి. సహాయధనము చేతులు మారుచున్నంత కాలము, ఇంచుమించు పదునైదు నెలలు, క్లౌ వారికి బాప్తిస్మ మిచ్చుటకు అంగీకరింపలేదు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లియొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మనలో పలువురి కుటుంబ చరిత్రలకు ఆ ఏరు ప్రారంభము.

అయినను నింద తప్పలేదు. ‘రైస్ క్రిస్టియన్స్’ అను ఆంగ్లపు మాట మన వెంట నేటికిని వచ్చుచున్నది. క్లౌ వేచియుండుటవలన ఆ నింద సంపూర్ణముగా కొట్టివేయబడినదని నేను వాదింపను. ఆకలిగొన్న మనిషి హృదయములో గంజి యెంత, కృతజ్ఞత యెంత, విశ్వాస మెంత అని తూచు త్రాసు ఎవరియొద్ద నున్నది? కడుపు నిండినవాని భక్తిని అట్లు ఎవరును తూచరు గదా. నేను చెప్పదలచినది వేరు. ఒక జనము యొక్క విశ్వాసమునంతటిని ఆకలి యను ఒక్క మాటతో కొట్టివేయువారు కొందరుండగా, అదే జనమును ఆకలి యను ఒక్క మాటతోనే విదేశములకు పరిచయము చేసినవారము మనమే. నా లేఖను నేనిక్కడ మినహాయింపజాలను.

ఇంతవరకు చదివినవారు, మాట తగ్గించి వ్రాయుటయే నీతి యని నేను చెప్పుచున్నట్లు తలపవచ్చును. అదియు సత్యము కాదు. తగ్గించిన మాట అంతకన్న ఎక్కువమందిని చంపినది. 1943లో వంగదేశమున ప్రజలు కలకత్తా వీధులలో పడి చనిపోవుచుండగా, అక్కడి ప్రభుత్వము కరవు నియమావళి ప్రకారము కరవును ప్రకటింపలేదు. ప్రకటించినచో నియమావళి ప్రకారము ఆహారము నియ్యవలసివచ్చును. ఒక మాటను వ్రాయకుండుటవలన ఒక బాధ్యత తప్పినది. ఆ సంవత్సరము ఆగస్టు 22న ‘స్టేట్స్‌మన్’ పత్రిక కలకత్తా వీధులలోని మృతుల, మరణించుచున్నవారి ఫోటోలను అచ్చువేసినది. ప్రభుత్వమువారు మాటను దాచినచోట చిత్రములు మాటలాడినవి. పదునైదు లక్షలమంది మరణించిరని 1945లో విచారణసంఘము తేల్చెను. తరువాతి పండితులు దాదాపు ముప్పది లక్షల వరకు చెప్పిరి. ఆ దృశ్యములను బాల్యములో చూచిన అమర్త్య సేన్ 1981లో వెలువరించిన గ్రంథములో, దేశములో ఆహారము లేకపోవుట వేరు, మనుష్యులకు ఆహారము అందకపోవుట వేరు అని విడదీసి చూపెను. ఆకలిని గూర్చి వ్రాయువా డెవడును ఆ భేదమును మరువరాదు.

మన కాలములో ‘ఫ్యామిన్’ అను మాటకు కొలత ఏర్పడినది. 2004లో సోమాలియాలో ఆరంభమై, తరువాత అంతర్జాతీయ సంస్థలు అంగీకరించిన వర్గీకరణ ప్రకారము, ఒక ప్రాంతమున నూటికి ఇరువది కుటుంబములకు ఆహారము దాదాపు శూన్యము కావలెను; పిల్లలలో నూటికి ముప్పదిమంది తీవ్రముగా కృశించి యుండవలెను; ప్రతి పదివేలమందిలో దినమునకు ఇద్దరు మరణింపవలెను. అప్పుడే ఆ మాట. అయిదువేల జనాభాగల మన పల్లెనొకదానిని తలంచుకొనుడి. ప్రతిదినము ఒక భూస్థాపన జరిగినచో ఆ మూడవ కొలత నిండును.

ఇంతటి కట్టుబాటుగల మాట అరుదుగా పలుకబడును. 2011లో సోమాలియాలోను, 2017లో దక్షిణ సూడానులోను పలికిరి. 2024 ఆగస్టులో సూడానులోని జంజం నిర్వాసితుల శిబిరమును గూర్చియు, 2025 ఆగస్టులో గాజా గవర్నరేటును గూర్చియు పలికిరి. ఈ చివరి రెండు సందర్భములలోను అక్కడ అధికారము చెలాయించు ప్రభుత్వములు ఆ మాటను ఒప్పుకొనలేదు. భాషోపాధ్యాయుడను గనుక కొలతగల మాట నాకు సంతోషము కలిగింపవలెను. కాని సోమాలియా లెక్కను చదివిన తరువాత ఆ సంతోషము నిలువలేదు. అక్కడ సుమారు రెండు లక్షల ఏబది యెనిమిది వేలమంది చనిపోయిరి. వారిలో దాదాపు సగము మంది ఆ మాట ప్రకటింపబడుటకు మునుపే చనిపోయిరి. మొత్తము మృతులలో సగమునకు పైగా పసిబిడ్డలు. మాట సరియైనదే, సరిగా వాడబడినదే. అది వచ్చునప్పటికి వినవలసినవారిలో సగము మంది లేరు.

కావున సరియైన పదమును ఎన్నుకొనుటతో మన పని తీరదు. పదమునకు ముందు నిలువవలసినది మరియొకటి గలదు. అది నాకు సారెపతు విధవరాలి మాటలలో కనబడినది. రాజుల మొదటి గ్రంథము 17వ అధ్యాయములో ఏలీయా రొట్టెముక్క నడిగినప్పుడు ఆమె కరవు అనలేదు, ఆకలి అనలేదు. తొట్టిలో పట్టెడు పిండి యున్నదనెను. బుడ్డిలో కొంచెము నూనె యున్నదనెను. రెండు పుల్లలు ఏరుకొనుచున్నాననెను. తనకును తన బిడ్డకును అది వండి, తిని, చావవలెననెను. ఏశావును చావు అను మాటను పలికెను, ఈమెయు పలికెను. అతడు పలికినది అలసట. ఈమె పలికినది లెక్క. పిండి యింత, నూనె యింత, మనుష్యులిద్దరు. ఆ మాటలను విన్నవా డెవడైనను తొట్టిలో చేయిపెట్టి సరిచూచుకొనవచ్చును. ఆకలిని గూర్చి ఇంతకన్న నిజమైన నివేదికను నేను చదువలేదు.

క్రొత్త నిబంధనయొక్క గ్రీకు భాషలో ‘లిమోస్’ అను ఒకే మాట కరవునకును ఆకలికిని చెల్లును. లూకా 15వ అధ్యాయములో తప్పిపోయిన కుమారుడున్న దేశమునకు వచ్చినదియు ‘లిమోస్’. మూడు వచనముల తరువాత తాను దేనిచేత చచ్చుచున్నానని అతడు తనలో తాననుకొనెనో అదియు ‘లిమోస్’. తెలుగులో మనము మొదటిదానిని కరవు అనియు రెండవదానిని ఆకలి అనియు చదువుదుము; అట్లు చదువక తప్పదు. ఒక దేశపు కరవు ఆ యువకుని కడుపులో ప్రవేశించిన సంగతి గ్రీకు చదువరికి వెంటనే వినబడును. మరి యేసుప్రభువు నలువది దినములు అరణ్యములో ఉపవాసమున్న తరువాత మత్తయి ఎట్లు వ్రాసెను? వాడుకలోనున్న మిక్కిలి సామాన్యమైన మాటనే వ్రాసెను: ఆయన ఆకలిగొనెను. తీర్పుదినమును గూర్చిన ఉపమానములో రాజు తన్నుగూర్చి పలుకునదియు ఆ సామాన్యమైన మాటయే. ఆయన అక్కడ ఏ పెద్ద మాటను కోరలేదు.

బ్యాంకు ఉద్యోగి వచ్చి వెళ్లిన తరువాతి సంవత్సరము నేను బోర్డింగునకై వ్రాసిన లేఖలో బియ్యము ఎన్ని బస్తాలు, ఎన్ని దినములకు వచ్చును, పప్పు ఎన్ని పూటలు అని వ్రాసితిని. ఇంటియొద్ద తల్లులు ఏ నెలలో ఒంటిపూట తిందురో అడిగి తెలిసికొని వ్రాసితిని. ఫోటోలో పిల్లలు నవ్విరి. వచ్చిన సొమ్ము మునుపటికన్న తక్కువ. ఒక గది కట్టవలెనని తలచి కట్టలేకపోతిమి. ఆ సంవత్సరము చోటు లేక త్రిప్పి పంపిన బాలురు నలుగురు. వారిని తలచునప్పుడు నా నిజాయితీ నాకు పూర్తిగా నెమ్మది నియ్యదు. ఇయ్యవలెనని ఎవరును నాకు వాగ్దానము చేయలేదు.

నేను ఈ సంగతులన్నియు ఆ యువతికి చెప్పితిని. ఆమె విని, విజ్ఞప్తి కాగితమును మడిచి తీసికొనిపోయెను. పది దినములు కనబడలేదు. తరువాత క్రొత్త ప్రతితో వచ్చినది. పేటలో ఇరువది మూడు ఇండ్లకు వెళ్లి, స్త్రీలతో కూర్చుండి అడిగినదట. రేషను బియ్యము ఏ యింటిలో ఏ తేదీవరకు వచ్చునో వరుసగా వ్రాసినది. ఎక్కువ యిండ్లలో ఇరువదవ తేదీ. ఆ తరువాత సాయంకాలము పిల్లలు తినునది ప్రొద్దుటి గంజి, దానిలోనికి ఉల్లిపాయ, కారము. తల్లులను గూర్చి ఆమె వేరుగా ఒక పేరా వ్రాసినది. మొదట అడిగినప్పుడు తాము తిన్నామనియే అందరును చెప్పిరట. రెండవసారి వెళ్లినప్పుడు తొమ్మిదిమంది నిజము చెప్పిరట.

ఆంగ్లములో నేను దిద్దవలసినవి రెండు క్రియాపదములు మాత్రమే. ప్రశ్నార్థక మున్నచోట ఆమె ‘హంగ్రీ’ అని వ్రాసియుండెను.